గంటకు 20 నిమిషాలు: ఎవరికి, ఎందుకు?

బోర్డు పరీక్షల కాలం దగ్గరపడుతున్నందున ఈసారి శీర్షికను ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన మూడు లేఖలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా బాబు ఒడియా మాధ్యమంలో పదో తరగతి చదువుతున్నాడు. ఏ పాఠం అడిగినా నోటితో చక్కగా చెబుతాడు గాని, పరీక్షలో మాత్రం మూడో వంతు ప్రశ్నలు ముట్టుకోకుండానే గంట కొట్టేస్తారు. ఆరో తరగతి నుంచీ ఇదే వరస. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన ఇబ్బంది) ఉందేమో పరీక్ష చేయించమని, ఉన్నట్లు తేలితే బోర్డు పరీక్షలో అదనపు సమయం ఇస్తారని ఈ మధ్య క్లాసు టీచరుగారు చెప్పారు. కొడుకు మీద వికలాంగుడనే ముద్ర వేయిస్తావా అని మావారు కోప్పడుతున్నారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా కావడం వల్లే వెనకబడ్డాడు తప్ప వాడికేమీ లేదని మా మరిది అంటున్నాడు. వేరే గదిలో కూర్చుంటే స్నేహితులు నవ్వుతారని బాబు భయం. నేను శ్రీకాకుళం జిల్లాలో చదువుకున్నాను, ఒడియా చదవడం రాదు. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, టీచరుగారు, మీవారు, మీ మరిది ముగ్గురూ మూడు మాటలు అంటున్నారు. ఆ మూడింటినీ బాబు వింటూనే ఉన్నాడు. కాబట్టి నిర్ణయం ఏదైనా సరే, ఇకమీదట ఈ చర్చ వాడి ముందు వాదనగా జరగకూడదని మొదట మీరూ మీవారూ అనుకోండి. పరీక్షలో చాలని నిమిషాల కంటే, తన గురించి అమ్మానాన్నలు పోట్లాడుకుంటున్నారన్న బాధ పదిహేనేళ్ల పిల్లవాణ్ణి ఎక్కువగా కుంగదీస్తుంది.

ముందుగా మీ మరిదిగారి మాట చూద్దాం. అది తోసిపుచ్చదగిన మాట కాదు. ఒడియా అక్షరాల్లో చాలావాటికి పైభాగం ఒకేలా గుండ్రంగా ఉంటుంది. ఒక అక్షరాన్ని మరొకదాని నుంచి వేరుచేసే గుర్తు లోపలో అడుగునో చిన్నగా కనిపిస్తుంది. తెలుగు ఇంట పుట్టి ఒడియా బడిలో చేరిన పిల్లలు మొదటి ఒకటి రెండేళ్లు తడబడడం నేను ఎన్నోసార్లు చూశాను. అయితే ఆ తడబాటు క్రమంగా తగ్గుతుంది. మీ బాబు పదేళ్లుగా ఒడియాలోనే చదువుతున్నాడు. పాఠాన్ని నోటితో చక్కగా చెప్పగలుగుతున్నాడంటే భాష అర్థం కావడంలో లోటు లేదన్నమాట. ఇంట్లోనే ఒక చిన్న పని చేసి చూడండి. వాడికి తెలుగు చదవడం వస్తే వారపత్రికలోని ఒక పేరా ఇచ్చి పైకి చదవమనండి. ఇంగ్లీషు పుస్తకంలోదీ, ఒడియా పుస్తకంలోదీ ఒక్కో పేరా అలాగే చదివించండి. ఒక్క ఒడియాలోనే తడబడితే మీ మరిదిగారి మాటలో బలం ఉంది. మూడు లిపుల్లోనూ పదాల్ని కూడబలుక్కుంటూ, చదివిన వరుసనే మళ్లీ చదువుతూ, అక్షరాలు వదిలేస్తూ ఉంటే మాత్రం కారణం భాష కాదు, నిపుణులకు చూపించవలసిందే. వారి దగ్గరకు వెళ్లినప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడతామని, బడి చదువు ఒడియాలో సాగుతోందని మొదటే చెప్పండి. బాగా రాని భాషలో పరీక్షిస్తే ఏ పిల్లవాడైనా వెనకబడినట్లే కనిపిస్తాడు.

మీ ఊళ్లోనే మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కనుక అక్కడి పిల్లల విభాగంలో వాకబు చేయడం సులువు. మొదట కంటిచూపు, వినికిడి చూస్తారు. పిల్లవాడికి అద్దాలు కావలసి ఉండి, ఆ సంగతి ఎవరికీ తెలియక ఏళ్లు గడిచిపోయిన ఇళ్లున్నాయి. తరువాత మనస్తత్వ నిపుణులు తెలివితేటల పరీక్ష, చదవడం, రాయడం, లెక్కల్లో విడివిడిగా పరీక్షలు చేస్తారు. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు. బడిలో పరీక్ష ఫారం నింపే నాటికి ధ్రువపత్రం చేతిలో ఉండాలంటే ఈ నెలలోనే మొదలుపెట్టాలి.

ఇక మీవారి భయం. ఆయనకు నా మాటగా ఇది చదివి వినిపించండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో గుర్తించిన 21 వైకల్యాల్లో చదవడం, రాయడం, లెక్కలకు సంబంధించిన నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఉంది. అదే చట్టం 17వ సెక్షనులో ఇలాంటి విద్యార్థులకు పరీక్షలో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే లేఖకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి ఏర్పాట్లు చేయాలని స్పష్టంగా ఉంది. అంటే ఇది ఎవరి దగ్గరా చేయి చాచి అడిగేది కాదు. ధ్రువపత్రం మీ బీరువాలోనే ఉంటుంది, అవసరమైన చోట మాత్రమే చూపిస్తారు. ముద్ర అన్నారు గనుక ఒక మాట చెప్పాలి. నేను బడిలో పనిచేసిన తొలి రోజుల్లో అచ్చం మీ బాబులాంటి ఒక పిల్లవాణ్ణి సోమరి అని తరగతిలో లేపి నిలబెట్టాను, ఒకసారి కాదు, ఏడాది పొడవునా. ఆ పిల్లవాడు ఎనిమిదిలోనే బడి మానేశాడు. కాగితం మీద ఏమీ రాయనంత మాత్రాన పిల్లల మీద ముద్ర పడకుండా ఉండదని నాకు అప్పుడు తెలియలేదు. సోమరి, మొద్దు, శ్రద్ధ లేనివాడు అన్న మాటలు మీ బాబు ఈపాటికే వినివుంటాడు. వాటికంటే డిస్లెక్సియా అన్న మాట వాడికి ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే తప్పు తనది కాదని అది చెబుతుంది.

అదనపు సమయం ఎంత అన్నది తరువాతి సంగతి. కేంద్రం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. రెండు గంటల పత్రానికి 40 నిమిషాలు, మూడు గంటల పత్రానికి ఒక గంట. అవి 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారి కోసం ఇచ్చినవి. అంతకంటే తక్కువ శాతం ఉన్నా రాయడంలో ఇబ్బంది ఉన్నవారి కోసం 2022 ఆగస్టు 10న వేరే మార్గదర్శకాలు వచ్చాయి. కనుక శాతం తక్కువ వచ్చిందని ఎవరైనా వెనక్కి పంపితే అక్కడితో వదిలేయకండి. ధ్రువపత్రాన్ని బోర్డు ఏ నమూనాలో అడుగుతుందో హెడ్‌మాస్టరుగారిని అడిగి తెలుసుకుని, దరఖాస్తు ఇచ్చినట్లు సంతకం, తేదీ వేసిన నకలు మీ దగ్గర ఉంచుకోండి. డిస్‌గ్రాఫియా (రాయడంలో అభ్యసన ఇబ్బంది) ఉన్న ఒక విద్యార్థినికి నీట్ పరీక్షలో రావలసిన అదనపు గంట పరీక్షాకేంద్రంలో ఇవ్వలేదు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 నవంబరు 23న వచ్చిన తీర్పులో ఆమెకు అన్యాయం జరిగిందని కోర్టు ఒప్పుకున్నా, మళ్లీ పరీక్ష పెట్టమని మాత్రం ఆదేశించలేదు. పరీక్ష నాడు గేటు దగ్గర వాదించే పరిస్థితి రాకుండా ముందే ఏర్పాటు చేసుకోమని నేను అంతగా చెప్పడం అందుకే.

భాషల మినహాయింపు గురించి తొందరపడకండి. మీ బాబు మూడో భాషగా తెలుగు తీసుకుని ఉంటే, వాడికి ఊరట ఉన్న సబ్జెక్టు అదే కావచ్చు.

చివరిగా బాబు సంగతి. పరీక్ష రాసేది వాడే కనుక వాడి ఇష్టం లేకుండా ఏదీ చేయకూడదు. అయితే తెలియని దాన్ని వద్దంటున్నాడు, తెలిశాక అననివ్వండి. పాత ప్రశ్నపత్రాలు రెండు తీసుకుని, ఒక ఆదివారం మామూలు సమయంలో, మరో ఆదివారం గంటకు 20 నిమిషాలు కలిపి రాయించండి. మార్కులు తరువాత చూడవచ్చు, ఖాళీగా వదిలిన ప్రశ్నలు ఎన్ని తగ్గాయో, చివరి పేజీల్లో చేతిరాత ఎలా ఉందో వాడితోనే కలిసి చూడండి. తేడా లేకపోతే సమస్య సమయంలో లేదన్నమాట, అప్పుడు వేరే కారణం వెతకాలి. తేడా ఉంటే మీరు ఒప్పించనక్కరలేదు, వాడే అడుగుతాడు. అదనపు సమయం ఎలా వాడుకోవాలో కూడా నేర్పాలి. ఇలాంటి పిల్లల్లో చాలామంది ఆ నిమిషాల్ని మరో రెండు పేజీలు నింపడానికి వాడి అలసిపోతారు. మొదటి పది నిమిషాలు ప్రశ్నల్ని రెండేసి సార్లు నిదానంగా చదవడానికి, చివరి పది నిమిషాలు అంకెలు, ప్రశ్నల సంఖ్యలు సరిచూసుకోవడానికి కేటాయించుకుంటే మేలు. రెండు గంటల నలభై నిమిషాలు కదలకుండా కూర్చోవడం కూడా అలవాటు కావలసిన పనే.

మీకు ఒడియా రాకపోవడం లోటు అనుకోకండి. రోజూ సాయంత్రం వంట చేస్తూనే, ఆ రోజు పాఠాన్ని పుస్తకం మూసి తెలుగులో చెప్పమనండి. మీకు నిజంగానే తెలియదు గనుక మీరు అడిగే ప్రశ్నలు నిజమైన ప్రశ్నలవుతాయి. పుస్తకం చూడకుండా గుర్తుతెచ్చుకుని చెప్పిన పాఠం, నాలుగుసార్లు చూసి చదివిన పాఠం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. చదవడం కష్టమైన పిల్లవాడికి ఇంతకు మించిన సాధన లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఏ ధ్రువపత్రమూ లేదు. తెల్లవారుజామునే లేచి కష్టపడి చదువుతుంది. అయినా లెక్కల పత్రం ఒక్కసారి కూడా పూర్తి చేయలేకపోయింది. అదే పరీక్షలో మరొకరికి గంట ఎక్కువ ఇస్తే అది న్యాయమేనా? డబ్బున్నవాళ్లు కాగితం తెచ్చుకోరని నమ్మకమేమిటి?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: అయ్యా, మీ అమ్మాయి కష్టం చూసి మీరు పడే ఆవేదన నాకు అర్థమవుతోంది. దొంగ కాగితాలు ఎవరైనా తెచ్చుకుంటే అది తప్పే, దాన్ని పట్టుకోవలసిందే. కాని ఇదే భయాన్ని కారణంగా చూపి నిజంగా అవసరమున్నవారికి కాదనకూడదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో చెప్పింది. రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే జబ్బు ఉన్న ఆ అభ్యర్థికి సివిల్ సర్వీసుల పరీక్షలో లేఖకుణ్ణి నిరాకరించారు. 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో అలా కాదనడం చెల్లదని కోర్టు తేల్చింది.

మీ ఊరి నుంచి వచ్చిన ప్రశ్న కనుక ఒక సంగతి గుర్తుచేయాలనిపిస్తోంది. పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు, వాడుకలో లేని గ్రాంథికంలో రాయమని పిల్లల్ని నిర్బంధిస్తే వారికి తెలిసినది కూడా బయటికి రాదని పట్టుబట్టి పోరాడారు. నేర్చుకున్నదాన్ని కాగితం మీద పెట్టడానికి అడ్డుపడేదాన్ని తొలగించాలన్నదే అక్కడి వాదన, ఇక్కడిదీ అదే. చదవడానికే రెట్టింపు సమయం పట్టే పిల్లవాడికి ఆ గంట ఇచ్చినా, తెలియని జవాబు తెలిసిపోదు.

అయితే మీ ప్రశ్నలో ఒక నిజం ఉంది, దాన్ని నేను దాటవేయను. శ్రద్ధగా చదివిన పిల్లలు సైతం పూర్తి చేయలేనంత పొడవుగా పత్రం ఇస్తే, అది లెక్కల్ని కాక వేగాన్ని కొలుస్తుంది. అలాంటి పత్రంలో అదనపు సమయం ఎవరికైనా లాభమే, అందుకే మీకు అన్యాయంగా తోస్తోంది. దీనికి పరిష్కారం ఆ పిల్లవాడి గంటను తీసేయడంలో లేదు, పత్రం పొడవు తగ్గించడంలో ఉంది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట లేవనెత్తండి. అవసరమున్న పిల్లల తల్లిదండ్రులు కూడా మీ వెంట నిలబడతారు.

ఈలోగా మీ అమ్మాయి లెక్కల పత్రం ఎక్కడ ఆగుతోందో చూడండి. నా అనుభవంలో ఎక్కువమంది ఒకే కష్టమైన లెక్క దగ్గర పావుగంట కూర్చుండిపోతారు. అయిదు నిమిషాల్లో దారి దొరకకపోతే గుర్తుపెట్టి ముందుకు వెళ్లడం సాధన చేయించండి. అప్పటికీ అంకెలు తారుమారు చేస్తూ, ఎక్కాలు నిలవక ఇబ్బంది పడుతుంటే, మీ అమ్మాయిని కూడా నిపుణులకు చూపించడానికి సంకోచించకండి. అభ్యసన వైకల్యం చదవడానికే కాదు, లెక్కలకు సంబంధించినదీ ఉంటుంది. కష్టపడే ఆడపిల్లల్లో దాన్ని ఎవరూ అనుమానించరు.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. రాత్రి రెండింటి వరకు అమ్మ, నాన్న వంతులవారీగా నా పక్కనే కూర్చుంటారు. నాకు నిద్ర వస్తే వాళ్లకు బాధ కలుగుతుంది. వాళ్లకు కోపం రాకుండా ఎలా చెప్పాలి?
– ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: తల్లీ, వాళ్లు నీ కోసం నిద్ర మానుకుంటున్నారు. ఆ ప్రేమను కాదనకుండానే నిజం చెప్పవచ్చు. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. పగలు చదివింది మనసులో కుదురుకునేది కూడా నిద్రలోనే. ఈ పేజీని నాన్నగారికి చూపించి, పదిహేను రోజుల పాటు ఒక ఏర్పాటు చేసి చూద్దామని అడుగు. రాత్రి తొమ్మిదింటికి పుస్తకం మూసి, ఆ రోజు చదివినదాన్ని అమ్మకు పది నిమిషాలు చెప్పి పడుకో. ఉదయం అయిదున్నరకు నాన్న నిన్ను లేపి, టీ ఇచ్చి, వేరే గదిలో తన పని చూసుకుంటే చాలు. పదిహేను రోజుల తరువాత జరిగే క్లాసు టెస్టు ఎలా రాశావో మాకు మళ్లీ రాయి.