మెయిన్‌ఫ్రేమ్‌కి ఫైళ్లు పంపబోయే తమ్ముడికి

తమ్ముడూ,

మెయిన్‌ఫ్రేమ్‌కి, అంటే పెద్ద సంస్థల్లో వాడే ఆ పెద్ద కంప్యూటర్‌కి, ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) సెటప్ చేసే పని నీ మీద పడిందన్నావు, కమాండ్లు పంపమన్నావు. కమాండ్లు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి గురించి టెన్షన్ వద్దు. లాగిన్ అయింది కాబట్టి పని అయిపోయింది అనుకుంటారు చూడు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నీ సర్వర్‌లో ఫైలంటే బైట్ల వరస, అంతే. అవతల మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్‌లో ఉండేది డేటాసెట్, అంటే రికార్డులుగా ఉండే ఫైలు. ఒక్కో రికార్డు పొడవెంత, అది ఏ ఫార్మాట్, మొత్తానికి ఎంత స్పేస్ కావాలి, ఇవన్నీ ముందే చెప్పాలి. నువ్వు చెప్పకపోతే అది తనకు తోచింది పెట్టుకుంటుంది.

అందుకే స్క్రిప్ట్ రాయకముందే మెయిన్‌ఫ్రేమ్ టీమ్‌తో ఒకసారి కూర్చో. మొదట తేల్చుకోవాల్సింది మామూలు ఎఫ్‌టీపీయా, టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ మీద ఎఫ్‌టీపీయా, ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీయా అన్నది. "ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టేద్దాం, సెక్యూర్ కదా" అని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. మంచిదే, కానీ జెడ్‌ఓఎస్‌తో వచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఎస్‌ఎఫ్‌టీపీకి అక్కడి యూనిక్స్ వైపు ఫైళ్లు తప్ప డేటాసెట్లు నేరుగా కనిపించవు. అందులోంచి డేటాసెట్‌లోకి ఎవరు కాపీ చేస్తారో అప్పుడే తేల్చుకో, లేకపోతే గో లైవ్ ముందు రోజు బయటపడుతుంది. నీకిచ్చిన యూజర్ ఐడీకి ఆ డేటాసెట్ మీద ర్యాక్‌ఎఫ్‌లో (అక్కడి సెక్యూరిటీ సిస్టమ్) రాసే పర్మిషన్ ఉందా, యూనిక్స్ వైపు వాడుకోవడానికి కావాల్సిన ఓఎంవీఎస్ సెగ్మెంట్ ఉందా అని కూడా అడుగు. ఇంకో సంగతి, లాగిన్ ఫెయిలైతే మళ్లీ మళ్లీ ప్రయత్నించేలా స్క్రిప్ట్ రాయకు. తప్పు పాస్‌వర్డ్ కొన్నిసార్లు పడితే చాలు, ఐడీ రివోక్ అయిపోతుంది, దాన్ని తిరిగి తెరిపించడానికి ఎవరెవరినో బతిమాలుకోవాలి.

లాగిన్ బాగానే అయి, ఫైళ్ల జాబితా చూపే డిర్ కమాండ్ కొట్టగానే స్క్రీన్ అలా నిలిచిపోయిందనుకో, పాస్‌వర్డ్‌ని అనుమానించకు. ఎఫ్‌టీపీలో కమాండ్లకు ఒక కనెక్షన్, డేటాకు ఇంకో కనెక్షన్. 21వ పోర్ట్ తెరిచారు, డేటా పోర్టులు మర్చిపోయారు, అంతే. పాసివ్ మోడ్‌లో, అంటే డేటా కనెక్షన్ కూడా నీ వైపు నుంచే తెరిచే పద్ధతిలో, ప్రయత్నించు. టీఎల్‌ఎస్ ఉంటే మాత్రం ఫైర్‌వాల్‌కి లోపలి సంభాషణ కనిపించదు కాబట్టి ఏ పోర్ట్ తెరవాలో దానంతట అది కనుక్కోలేదు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు ఎఫ్‌టీపీ కాన్ఫిగరేషన్‌లో పాసివ్‌డేటాపోర్ట్స్ అనే సెట్టింగ్‌తో ఒక రేంజ్ కట్టేసి, ఆ రేంజ్ నెట్‌వర్క్ టీమ్‌కి ఇవ్వాలి. ఈ రెండు టీములనూ ఒకే కాల్‌లోకి తీసుకురా, మెయిళ్లలో ఇది తెగదు.

డేటాసెట్ పేరును సింగిల్ కోట్స్‌లో పెట్టు. పెట్టకపోతే నీ యూజర్ ఐడీని ముందు తగిలించి, లేని డేటాసెట్ కోసం వెతుకుతుంది, నీకు 550 ఎర్రర్ వస్తుంది.

ఇక టెక్స్ట్ మోడా, బైనరీ మోడా అన్నది. అక్షరాలకు వాడే కోడ్ మెయిన్‌ఫ్రేమ్‌లో ఎబ్సిడిక్, నీ దగ్గర ఆస్కీ. టెక్స్ట్ మోడ్‌లో దారిలోనే మార్చేస్తుంది, ఉత్త అక్షరాలున్న ఫైలుకి అదే కావాలి. కానీ కోబాల్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ల ఫైళ్లలో కాంప్-3 అనే అంకెల ఫీల్డులు ఉంటాయి, ఒక్కో బైట్‌లో రెండేసి అంకెలు కుక్కి, చివరి అర బైట్‌లో ప్లస్ మైనస్ గుర్తు పెడతారు. ప్లస్ 12345 అక్కడ హెక్స్‌లో 12 34 5సీ. టెక్స్ట్ మోడ్‌లో ఆ చివరి 5సీ నక్షత్రం గుర్తు అనుకుని దాన్ని ఆస్కీ నక్షత్రమైన 2ఏగా మార్చేస్తుంది. అంటే 5 కాస్తా 2 అయింది, ఏ కూడా ప్లస్‌గా చెల్లే గుర్తే, కాబట్టి ఆ బైట్‌ని చూసి ఎవరికీ అనుమానం రాదు. ట్రాన్స్‌ఫర్ మాత్రం సక్సెస్ అనే చూపిస్తుంది. అందుకని కాపీబుక్ (రికార్డులో ఏ ఫీల్డు ఎక్కడ, ఏ రకమో చెప్పే కోబాల్ వివరణ) చూడకుండా మోడ్ నిర్ణయించకు. కాంప్ ఫీల్డులుంటే బైనరీలో తెచ్చుకుని ఇవతల ఫీల్డు ఫీల్డుగా మార్చుకో, లేదా పంపే ముందే అంతా అక్షరాల్లోకి మార్చి ఇమ్మని వాళ్లనే అడుగు. నన్నడిగితే రెండోదే మేలు. పొడవు మారుతుండే వేరియబుల్ రికార్డులైతే బైనరీలో తెచ్చుకున్నప్పుడు ఏ రికార్డు ఎక్కడ ముగిసిందో తెలియదు, సైట్ ఆర్‌డీడబ్ల్యూ అనే కమాండ్ ఇస్తేనే రికార్డు పొడవు కూడా వస్తుంది.

పంపేటప్పుడు ఫైలు పంపే పుట్ కమాండ్‌కి ముందు క్వోట్ సైట్ కమాండ్‌తో రెక్‌ఎఫ్ఎం (రికార్డు ఫార్మాట్), ఎల్‌రెక్‌ఎల్ (రికార్డు పొడవు), ప్రైమరీ, సెకండరీ స్పేస్ ఇచ్చెయ్. ఎల్‌రెక్‌ఎల్ 80 అని ఉండి నీ లైను 95 అక్షరాలుంటే మిగిలిన 15 తెగిపోవచ్చు. స్పేస్ చాలకపోతే బీ37 లాంటి అబెండ్‌తో, అంటే పని అర్ధంతరంగా తెగిపోయే ఎర్రర్‌తో, మధ్యలో ఆగుతుంది. డేటాసెట్ ముందే ఉంటే నువ్విచ్చినవి కాక దాని లక్షణాలే చెల్లుతాయి, అది గుర్తుంచుకో. సెట్టింగులు ఏమున్నాయో చూడాలంటే క్వోట్ స్టాట్ కొట్టు.

రిటర్న్ కోడ్ సున్నా వచ్చిందని నమ్మకు. బ్యాచ్‌లో నడిచే జెడ్‌ఓఎస్ ఎఫ్‌టీపీ క్లయింటుకి ఎగ్జిట్ అనే పారామీటర్ ఇవ్వకపోతే పుట్ ఫెయిలైనా జాబ్ సున్నాతోనే ముగుస్తుంది. నీ వైపు స్క్రిప్ట్ కూడా లాగ్‌లో ట్రాన్స్‌ఫర్ పూర్తయిందని చెప్పే 250 సమాధానం ఉందో లేదో వెతకాలి, రికార్డుల లెక్క రెండు వైపులా సరిపోల్చాలి.

మొదటి టెస్ట్‌కి పెద్ద ఫైలు పంపకు. ఒక మైనస్ మొత్తం, ఒక చదరపు బ్రాకెట్, చివర ఖాళీలతో ముగిసే ఒక లైను, పూర్తి పొడవు లైను ఒకటి, ఇవి ఉన్న చిన్న ఫైలు చాలు. పంపాక అవతలివాళ్లను మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైళ్లు చూసే ఐఎస్‌పీఎఫ్‌లో తెరిచి, బైట్లు చూపించే హెక్స్ ఆన్ కొట్టి స్క్రీన్‌షాట్ పంపమను. చదరపు బ్రాకెట్లు వేరే గుర్తులుగా కనిపిస్తే కోడ్ పేజీ (ఏ కోడ్‌కి ఏ అక్షరమో చెప్పే పట్టిక) 037, 1047లలో ఎవరు ఏది పెట్టారో అడుగు.