పిల్లల సినిమా మీద రాసే అమ్మాయికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, చిత్తూరు నుంచి నువ్వు పంపిన 'కోకో' సమీక్ష నిదానంగా చదివాను. భాష బాగుంది, వాక్యం సాఫీగా నడిచింది. కానీ చివర్లో "ఇంటిల్లిపాదీ పిల్లలతో సహా నిస్సంకోచంగా చూడదగ్గ చిత్రం" అని తేల్చేశావు. ఏ పిల్లలు? మూడేళ్ళ బిడ్డ, పదేళ్ళ పిల్ల ఒకే సినిమాను ఒకేలా చూడరు కదా. నీ సమీక్ష చదివే తల్లికి తన బిడ్డ సంగతి బాగా తెలుసు. ఆమెకు తెలియనిది ఆ సినిమాలో ఏముందన్నదే. అది చెప్తే చాలు, చూపించాలో వద్దో ఆమే తేల్చుకుంటుంది.

అస్థిపంజరాలు భయపెట్టవని ఒక పేరా రాశావు. నిజమే. 2017లో పిక్సార్ తీసిన ఆ సినిమాలో ఎముకల మనుషులు తలలు ఊడి, మళ్ళీ తగిలించుకుని నవ్విస్తారు. మా పక్కింట్లో ఎనిమిదేళ్ళ పాప ఉంది, వీణ నేర్చుకుంటోంది. వాళ్ళను చూసి పకపకా నవ్వింది. కథలోని పిల్లవాడు మిగ్వేల్ గిటారును, పాటంటేనే గిట్టని వాళ్ళవ్వ నేలకేసి కొట్టినప్పుడు మాత్రం రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. వీణకు కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగిన పిల్లకు అంతకన్నా ఘోరం ఏముంటుంది? ఆ సీన్ నీ సమీక్షలో లేనే లేదు.

దానికన్నా బరువైనది ఇంకొకటి వదిలేశావు. మిగ్వేల్ దేవుడిలా కొలిచే గాయకుడు, పాటల కోసం స్నేహితుడికే విషం పెట్టాడని బయటపడుతుంది. ఆ తర్వాత మిగ్వేల్‌నే లోతైన గుంటలో పడేయిస్తాడు. ఐదేళ్ళ బిడ్డకు అది పట్టకపోవచ్చు. ఎనిమిదేళ్ళ బిడ్డ మాత్రం "అంత బాగా పాడేవాడు చెడ్డోడెట్లా అవుతాడు?" అని అడుగుతుంది. కథ ముడి విప్పేస్తే ఎట్లా అని నీకు టెన్షన్ ఉండొచ్చు. "అభిమాన గాయకుడి గురించి పిల్లవాడికి ఒక చేదు నిజం తెలుస్తుంది, అందులో హత్య మాట ఉంది" అని రాయి. ముడీ విప్పినట్టు కాదు, అమ్మకూ తెలుస్తుంది.

ఇక సంగీతం. ఇలాంటి కార్టూన్లలో భయం చాలాసార్లు బొమ్మలో ఉండదు, వాద్యాల్లో ఉంటుంది. అనుమానం వచ్చిన సీన్‌ను ఒకసారి సౌండ్ తీసేసి చూడు, ఒకసారి కళ్ళు మూసుకుని విను. 1940 నాటి డిస్నీ 'ఫాంటేసియా'లో మిక్కీ మౌస్ మంత్రం వేస్తే చీపురు నీళ్ళు మోస్తుంది. మూడేళ్ళ బిడ్డ కూడా కేరింతలు కొట్టే భాగం అది. చివరికొచ్చేసరికి కొండ మీద రెక్కలు విప్పిన రాక్షసుడు ప్రేతాలను లేపుతాడు. రష్యన్ స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ సంగీతం ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది. పైగా సినిమా సుమారు రెండు గంటలు, పాత్రలు మాట్లాడుకునేది దాదాపు ఏమీ లేదు. "మిక్కీ భాగం వరకు చూపించి ఆపేయండి" అని రాసినా అది మంచి సమీక్షే.

'కోకో' పాటలు శ్రావ్యంగా ఉన్నాయని ఒక్క ముక్కలో దాటేశావు. ఇది నాకు బాధనిపించింది. 'రిమెంబర్ మి' పాటను ఆ గాయకుడు వేదిక మీద ఆర్భాటంగా పాడతాడు. నిజానికి అది ఒక తండ్రి తన కూతురికి పాడిన జోలపాట. చివర్లో మిగ్వేల్ అదే పాటను, ఇప్పుడు అన్నీ మరచిపోతున్న ఆ కూతురు, అంటే తన ముత్తవ్వ ఎదుట కూర్చుని మెల్లగా పాడతాడు. ఊయల ఊపుతూ "జో అచ్యుతానంద" పాడడానికీ, కచేరీలో పాడడానికీ తేడా తెలిసిన ఊరు మనది. ఈ సినిమా పిల్లలకు ఎందుకు చూపించాలి అంటే, నేనైతే ముందు ఈ పాట పేరే చెప్తాను.

చనిపోయినవాళ్ళ ఫొటోలు పెట్టి, బంతిపూలు పరిచి, వాళ్ళకిష్టమైనవి ఉంచే మెక్సికో పండగను "విచిత్రమైన ఆచారం" అన్నావు. ఆ మాట కొట్టెయ్యి. సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, ఆకులో వడలూ పాయసం వడ్డించే ఇంట్లో పెరిగినదానివి. మన పిల్లలకు, పోయినవాళ్ళు ఇంటికి నడిచొచ్చే ఆ బంతిపూల వంతెన గురించి ఎవరూ విప్పిచెప్పనక్కర్లేదు. అయితే ఈమధ్యే అవ్వో తాతో పోయిన ఇంట్లో మాత్రం బిడ్డను ఒంటరిగా చూడనివ్వొద్దని తప్పకుండా రాయి.

సెన్సార్ సర్టిఫికెట్‌ను ఎత్తి రాసి ఊరుకోకు. 2023 చట్ట సవరణతో యూఏలోనే (పిల్లలు పెద్దల తోడుతో చూడాల్సినవి) 7, 13, 16 ఏళ్ళ విభాగాలు వచ్చాయి, మంచిదే. ఆ అంకె ఏ సీన్ వల్ల పడిందో మాత్రం అంకెలో ఉండదు.

ఈ ఆదివారం మీ అక్క పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని సినిమా మళ్ళీ పెట్టు. నువ్వు తెర వైపు తక్కువ, వాళ్ళ ముఖాల వైపు ఎక్కువ చూడు. ఎక్కడ నీ చెయ్యి పట్టుకున్నారో, ఎక్కడ విసుగు పుట్టి లేచిపోయారో, ఏం అడిగారో రాసుకో. తిరగరాసి పంపు. వాళ్ళ వయసులు వేయడం మరవొద్దు.

ఆశీస్సులతో,
మీ మామయ్య