చెప్పకుండా ఎముక ప్రొటీన్ వాడారు, కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది అంబర్‌పేట. 2023 జూన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మావారికి వీపు వైపు నుంచి నడుము ఫ్యూజన్ (వెన్నుపూసలను కలిపి అతికించే) ఆపరేషన్ చేశారు. మూడో వారం నుంచే కాలు లాగుతోందంటే నరం సర్దుకుంటుందన్నారు. 2024 ఆగస్టులో మరో డాక్టరు సీటీ తీయించి, ఆపరేషన్‌లో ఎముక అతకడానికి వాడిన బీఎంపీ-2 అనే ప్రొటీన్ వల్ల నరం పక్కన ఎముక పెరిగిందన్నారు. ఆయన దుకాణం మూతపడింది. ఇల్లు మారేటప్పుడు ఫైలు పోయింది. గడువు దాటిందేమో, సీటీ తేదీ మార్చి రాయించుకోండని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ కేసును తేల్చేది, నొప్పికి కారణం ఫలానా అని మీకు తెలిసిన తేదీ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ కింద గడువు రెండేళ్లు. లోపల దాగిన హాని విషయంలో, తగిన శ్రద్ధ చూపిన రోగికి అది తెలిసిన నాటి నుంచి లెక్కించవచ్చని సుప్రీంకోర్టు 2010లో శ్రీఖండే కేసులో చెప్పింది. అయితే నొప్పి మాత్రలతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన ఆ కేసు ఫిర్యాదుదారు మాత్రం ఓడిపోయారు. కాబట్టి మీవారు నొప్పి చెప్పుకొని సర్జను దగ్గరకు తిరిగిన ప్రతి ఓపీ చీటీ, ప్రతి మందుల బిల్లు మీకు ప్రాణం. అలాంటి ఫైలును పోగొట్టుకోవడం క్షమించరాని అజాగ్రత్త.

తేదీ మార్చే ఆలోచన ఈ రోజే వదిలేయండి. స్కాన్ సెంటరు కంప్యూటరులో అసలు తేదీ, సమయం ఉంటాయి. అది బయటపడితే కేసు పోవడమే కాక, దొంగ సాక్ష్యం సృష్టించిన నేరం మీ మెడకు చుట్టుకుంటుంది. పైగా అసలు తేదీయే మీకు మేలు చేస్తుంది: దాని ప్రకారం 2026 ఆగస్టు వరకు వాదించే వీలుంది. జాప్యం మన్నించమని ముందుజాగ్రత్తగా మరో పిటిషన్ జతచేయించండి.

ఎముక పెరిగినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్లు కాదు. అవసరం లేని చోట ఎముక పెరగడం, ఉన్న ఎముక కరగడం, నరం వాయడం, ద్రవం చేరడం ఈ ప్రొటీన్‌కు తెలిసిన దుష్ఫలితాలే. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2002లో దీనిని అనుమతించింది కడుపు వైపు నుంచి చేసే నడుము ఫ్యూజన్‌కు. వీపు వైపు నుంచి వాడినప్పుడు నరాల దగ్గర ఎముక పెరిగే ప్రమాదం ఉంటుంది. అంత తెలిసిన ప్రమాదాన్ని ముందుగా చెప్పారా అన్నదే మీ బలమైన వాదన. చికిత్సలోని ముఖ్యమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు చెప్పి సమ్మతి తీసుకోవాలని సమీరా కోహ్లీ కేసులో 2008లోనే తీర్పు వచ్చింది.

కేసు షీటు, సమ్మతి పత్రం, ఆపరేషన్ నోట్సు కావాలని మీవారి సంతకంతో వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. కానీ రికార్డులు దాచాల్సింది వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్లే. ఆ ప్రొటీన్ వాడారనడానికి ఆధారంగా, నోట్సులో అంటించిన ఇంప్లాంటు (శరీరంలో అమర్చిన వస్తువు) స్టిక్కరు, దానిపై లాట్ (తయారీ బ్యాచ్) నంబరు చూడండి. అది దొరకకపోతే, ఆరోగ్య బీమా క్లెయిం చేసి ఉంటే బీమా కంపెనీకి వెళ్లిన ఇంప్లాంటు బిల్లు ప్రతిని అడిగి తెచ్చుకోండి.