ఆగి ఉన్న కారుకు గీత పడింది, ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: పండక్కి గుంటూరు వెళ్లి, స్కూలు రోజుల్లో మేమంతా వీడియో గేములు ఆడిన షాపు చూద్దామని ఫ్రెండ్స్‌తో బ్రాడీపేట వెళ్లాను. షాపు లేదు, అక్కడ మందుల దుకాణం పెట్టారు. రివర్స్ తీస్తుంటే ఆగి ఉన్న కారుకు తగిలి వెనక డోరు మీద గీత పడింది, టెయిల్ ల్యాంప్ పగిలింది. ఓనర్ లేరు. నా ఫోన్ నంబరు చీటీ మీద రాసి వైపర్ కింద పెట్టి వచ్చాను. ఇప్పుడాయన 25 వేలు ఇవ్వండి, లేదంటే కేసు పెడతానంటున్నారు. అనవసరంగా చీటీ పెట్టి ఇరుక్కున్నావని ఫ్రెండ్స్ తిడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: చీటీ పెట్టి మంచి పని చేశారు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. పెట్టకుండా వచ్చేసి, తర్వాత ఏ షాపు సీసీ కెమెరాలోనో మీ నంబర్ ప్లేటు దొరికి ఉంటే మీ మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

అయితే చీటీతో పని అయిపోలేదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ మనుషులకు దెబ్బ తగిలినప్పుడే కాదు, ఎదుటివాళ్ల ఆస్తి దెబ్బతిన్నా వర్తిస్తుంది. అక్కడ పోలీసులు లేకపోతే 24 గంటల్లోపు దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పాలి, మీ ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. చెప్పకపోతే 187వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీరు స్టేషన్‌కి వెళ్లినట్టు రాయలేదు. గడువు దాటినా సరే, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఇక ఆయన బెదిరిస్తున్న కేసు. భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం ఎదుటివాళ్ల ఆస్తిని కావాలని గానీ, నష్టం జరుగుతుందని తెలిసి గానీ పాడుచేస్తేనే అది నేరం. రివర్స్‌లో చూసుకోక తగిలించడం అందులోకి రాదు. నష్టపరిహారం మాత్రం ఇవ్వాల్సిందే.

నేనూ అలాంటి షాపుల్లోనే పెరిగాను. గంటకింత అని కట్టి కూర్చుని, గేమ్ మధ్యలో ఆగిపోతే క్యాసెట్ బయటికి తీసి ఊది మళ్లీ పెట్టి కాంట్రా ఆడేవాళ్లం. ఎవరి చేతిలో రిమోట్ బటన్ ఊడితే వాళ్లే వెళ్లి షాపు అన్నకి చెప్పాలి. అరిచేవాడు గానీ బాగు చేయించడానికి ఎంతయితే అంతే తీసుకునేవాడు. మీ ఫ్రెండ్సూ అలాంటి చోటే ఆడి పెరిగారు కదా, ఇప్పుడు చీటీ పెట్టకుండా వచ్చేయాల్సిందని మీకు సలహా ఇవ్వడం నాకు నచ్చలేదు. చట్టం అడిగేదీ అంతే, జరిగిన నష్టం ఎంతో అంత.

కాబట్టి 25 వేలు అనే గుండుగుత్త లెక్క ఒప్పుకోకండి. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ అడగండి, అందులో ఆ డోరు, ఆ ల్యాంప్ మాత్రమే ఉన్నాయో లేదో చూడండి, ముందు బంపర్ పాత సొట్టలు కూడా కలిపేయడం మామూలే. ఆ రోజు ఫోటోలు తీసి ఉంటే దాచుకోండి.

ఆయన తన ఇన్సూరెన్స్‌లోనే క్లెయిమ్ చేసుకుంటానంటే లెక్క మారుతుంది. అప్పుడు ఆయన చేతి నుంచి పడేది తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో ఓనరే భరించాల్సిన మొత్తం (ఇంజన్ 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, ఆపైన 2,000), జీరో డెప్ (తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగాల మీద 50 శాతం తరుగుదల, వచ్చే ఏడు పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు). ఆయనకి కొన్నేళ్లుగా క్లెయిమ్ లేకపోతే ఆ బోనస్సే పెద్ద మొత్తం, అది అడిగితే న్యాయమే, ఇవ్వండి.

మీ థర్డ్ పార్టీ పాలసీ కూడా 7.5 లక్షల వరకు ఎదుటివాళ్ల ఆస్తి నష్టం భరిస్తుంది, కానీ దానికి వాహన ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, ఇంత చిన్నదానికి ఇద్దరికీ తిరుగుడే మిగులుతుంది. ఒకవేళ ఆ దారే అనుకుంటే, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఇస్తానని మాట ఇవ్వకండి, పాలసీ షరతుల్లో అది ఉంటుంది.

జేబులోంచి ఇచ్చేటట్టయితే వర్క్‌షాప్ బిల్లుకే నేరుగా యూపీఐ చేయండి. తేదీ, రెండు కార్ల నంబర్లు, ఇచ్చిన మొత్తం, ఇకపై ఈ విషయంలో ఎలాంటి క్లెయిమ్ లేదని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి, దాని కాపీ ఒకటి స్టేషన్‌లో ఇవ్వండి.