అత్తగారి పిడికిలి వెనక ఉన్నది కక్ష కాదు

ప్రశ్న: మా అత్తగారికి 78 ఏళ్లు. ఆరేళ్ల క్రితం అల్జీమర్స్ అన్నారు. ఉద్యోగం మానేసి నేనే చూసుకుంటున్నాను. ఈ మధ్య స్నానం చేయించేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారంటే వదలడం లేదు. వేళ్లు విడదీయబోతే ఇంకా బిగిస్తారు. బట్టలు మార్చబోతే మోచెయ్యి బిగబట్టేస్తారు. మొన్న కోపమొచ్చి విదిలించుకున్నాను, ఆవిడ మణికట్టు కమిలింది. అది చూసినప్పట్నుంచి మా ఆడపడుచు నాతో ముభావంగా ఉంటోంది. తను వచ్చినప్పుడు మాత్రం ఆవిడ చక్కగా ఉంటారు. మా వారు నోరు విప్పరు. ఆవిడ నా మీద కక్షతోనే ఇలా చేస్తున్నారా?

జవాబు: కక్ష పెట్టుకోవాలన్నా జ్ఞాపకం ఉండాలి కదమ్మా. నిన్న ఏం జరిగిందో గుర్తులేని మనిషి మీ మీద పగబట్టి పిడికిలి బిగించలేరు. మీరు రాసిన రెండు విషయాలూ ఆవిడ స్వభావానికి కాదు, మెదడులో జరుగుతున్న మార్పుకు సంబంధించినవి.

పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే గుప్పిట మూసేస్తుంది. అది ఆలోచించి చేసే పని కాదు, రిఫ్లెక్స్. మెదడు ముందు భాగం ఎదిగేకొద్దీ ఆ రిఫ్లెక్స్‌ను అణచి ఉంచుతుంది. అందుకే కొన్ని నెలల్లో అది కనిపించకుండా పోతుంది. పోతుందన్న మాటే గానీ చెరిగిపోదు. అల్జీమర్స్ లాంటి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరి ఆ ముందు భాగం దెబ్బతిన్నప్పుడు కొందరిలో మళ్లీ బయటపడుతుంది. అరచేతికి ఏదైనా తగిలితే చాలు, వేళ్లు మూసుకుంటాయి. మీరు లాగేకొద్దీ పట్టు పెరుగుతుంది. వదలమని మీరు అరుస్తున్నప్పుడు, వదలాలని ఆవిడకు ఉన్నా వేళ్లు మాట వినకపోవచ్చు.

మోచెయ్యి బిగుసుకోవడం ఇంకొకటి. దీన్ని డాక్టర్లు పారటోనియా అంటారు. ఎదుటివాళ్లు చేతినో కాలినో కదిపినప్పుడు కండరం తనంతట తానే ఎదురు తిరుగుతుంది. ఎంత వేగంగా కదిపితే అంత బిగుస్తుంది. తొందరగా స్నానం ముగించేద్దామని మీరు పడే హడావుడే ఆ బిగుతును పెంచుతోందన్నమాట.

కాబట్టి మీ వేళ్లు ఆవిడ అరచేతిలోకి పోకుండా చూసుకోండి. ఆవిడ చేతిని కింది నుంచి, ముంజేతి దగ్గర ఆనించి పట్టుకోండి. నీళ్లు పొయ్యకముందే రెండు చేతుల్లోనూ చుట్టిన చిన్న తువ్వాలు పెట్టండి, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. అప్పటికే మీ చెయ్యి చిక్కిందా, లాగకండి. ఆవిడ చేతి వెనక భాగాన్ని మణికట్టు నుంచి వేళ్ల వైపు మెల్లగా నిమరండి, ఆవిడ మణికట్టును కొంచెం అరచేతి వైపు వంచండి. చాలాసార్లు పట్టు సడలుతుంది. బట్టలు తొడిగేటప్పుడు ఎక్కువ బిగుసుకునే చేతికి ముందు తొడగండి, విప్పేటప్పుడు ఆ చేతిది చివర విప్పండి. వెనక నుంచి వెళ్లి ముట్టుకోకండి. ఎదురుగా నిలబడి, ఏం చెయ్యబోతున్నారో ఒక్క ముక్కలో చెప్పి, కాసేపు ఆగండి. మాట బుర్రకెక్కి ఒళ్లు స్పందించడానికి ఆవిడకు ఇప్పుడు ఎక్కువ సమయం కావాలి.

పసిబిడ్డ రిఫ్లెక్స్ తిరిగొచ్చిందని ఆవిడతో ముద్దుముద్దుగా మాట్లాడనక్కర్లేదు. ఆవిడ పెద్దమనిషే.

మీరు అడగని సంగతి ఒకటుంది, నాకు పిడికిలి కంటే దాని గురించే టెన్షన్. ఈ దశలో మింగడం ఆలస్యమవుతుంది, దగ్గు కూడా బలహీనపడుతుంది. నీళ్లు తాగాక గొంతు గరగరలాడుతోందా? బుగ్గలో ముద్ద ఉండిపోతోందా? ఊరికే జ్వరాలొస్తున్నాయా? ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారుతోందేమో డాక్టరుకు చూపించాలి. దగ్గు రాలేదు కదా అని ధీమా పడకండి, దగ్గు రాకుండానే జారవచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగారని చూశాకే ఇంకో చెంచా పెట్టండి. తిన్న వెంటనే పడుకోబెట్టకండి. తూలినప్పుడు నిలదొక్కుకునే వేగం కూడా తగ్గుతుంది కాబట్టి నడిచేటప్పుడు ఆవిడను మాటల్లో పెట్టకండి.

ఈ మార్పులన్నీ నెలల మీద వస్తాయి. రెండు మూడు రోజుల్లోనే మనిషి మారిపోతే ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్త మందో కారణం కావచ్చు. ఒక పక్కే చెయ్యి పడిపోయినా, మూతి వంకరపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఆ కమిలిన మచ్చ. పెద్దవాళ్ల చర్మం పల్చన, కొద్దిపాటి ఒత్తిడికే కమిలిపోతుంది. అయినా దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మీరు చెడ్డవారు కారు, బాగా అలసిపోయారు. ఇలాగే కొనసాగితే అది మళ్లీ జరుగుతుంది. అందుకని వారంలో కొన్ని రోజులు స్నానం మీ వారి బాధ్యత. మొహమాటమైతే మీకు సాయంగానైనా పక్కన ఉండాలి. రోజూ తలారా స్నానం చేయించి తీరాలని లేదు, తడిగుడ్డతో ఒళ్లు తుడిచినా సరిపోతుంది. కోపం పొంగుకొస్తుంటే ఆవిడను తడి నేల మీద ఒంటరిగా వదలకుండా, మీ వారిని పిలిచి మీరు బయటికి వచ్చేయండి.

మీ ఆడపడుచు దగ్గర ఆవిడ ఎందుకు చక్కగా ఉంటారో ఆలోచించండి. తను వచ్చి పక్కన కూర్చుంటుంది, అంతే. ఎవరూ బట్టలు విప్పరు, చెయ్యి లాగరు. మణికట్టు సంగతి తను అడిగేదాకా ఆగకండి, జరిగింది జరిగినట్టు మీరే చెప్పండి. ఒకసారి ఇద్దరూ కలిసి అమ్మకు స్నానం చేయించండి, సవాలుగా కాదు, సాయం అడిగినట్టుగా.

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం మీ వారు రావాల్సిందే. వాడుతున్న మాత్రలన్నీ పట్టుకెళ్లండి, కొన్ని మానసిక మందులు బిగుతును పెంచుతాయి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఆవిడ నిండుగా బట్టలు కట్టుకుని ఉన్నప్పుడే, ఆ పట్టును, మోచెయ్యి బిగుతును ఫోన్లో చిన్న వీడియో తీసి చూపించండి. డాక్టరు గదిలో అవి కనిపించకపోవచ్చు.