ప్రచురణ సంస్థలు చేతులు మారితే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాన్నగారి పాత పెంగ్విన్ పుస్తకాల మీద ఉన్న పక్షి బొమ్మే నేను ఇటీవల కొన్న పుస్తకం మీదా ఉంది. కానీ లోపలి పుటలో ‘పెంగ్విన్ రాండమ్ హౌస్’ అని అచ్చయింది. ఈ రెండు సంస్థలూ ఎప్పుడు కలిశాయి? ఇప్పుడు యజమాని ఎవరు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పెంగ్విన్‌ను లండన్‌లో అలెన్ లేన్ ప్రారంభించారు. 1935 జూలైలో మొదటి పది పుస్తకాలు ఆరు పెన్నీల ధరకు వెలువడ్డాయి. అప్పటికి ఆయన బోడ్లీ హెడ్ అనే సంస్థలో పనిచేస్తున్నారు. అట్ట బైండు లేని చవక పుస్తకాలతో లాభం రాదని అక్కడి పెద్దలు వెనకాడినా, వూల్‌వర్త్ దుకాణాలు పెద్ద ఆర్డరు ఇవ్వడంతో ప్రయత్నం నిలబడింది. మరుసటి ఏడాదే పెంగ్విన్ విడి కంపెనీ అయింది. 1961లో దాని వాటాలను ప్రజలకు అమ్మారు. 1970 జూలైలో లేన్ మరణించిన కొద్ది వారాలకే పియర్సన్ సంస్థ దానిని కొనుగోలు చేసింది. అంటే మీ నాన్నగారి పుస్తకాలు 1970కి ముందువైతే లేన్ కాలానివి, తర్వాతివైతే పియర్సన్ హయాంలో అచ్చయినవి. బొమ్మ చూసి ఆ తేడా పట్టుకోలేము.

రాండమ్ హౌస్ కథ న్యూయార్క్‌లో మొదలైంది. బెనెట్ సెర్ఫ్, డొనాల్డ్ క్లాఫర్ అనే ఇద్దరు మిత్రులు 1925లో ‘మోడర్న్ లైబ్రరీ’ అనే పుస్తకమాలను కొని, రెండేళ్లకు రాండమ్ హౌస్‌ను స్థాపించారు. 1960లో నాఫ్ సంస్థ అందులో చేరింది. 1965లో రేడియోలు, టెలివిజన్లు తయారుచేసే ఆర్‌సీఏ కంపెనీ మొత్తం సంస్థను కొనేసింది. బోధనా యంత్రాలు, కంప్యూటర్లు బడుల్లోకి వస్తాయని, అప్పుడు పాఠాలు సరఫరా చేసే పుస్తక సంస్థ చేతిలో ఉండాలని ఆనాటి ఎలక్ట్రానిక్స్ కంపెనీలు భావించేవి. ఆ ఆశ ఫలించలేదు. 1980లో అది పత్రికల యజమానులైన న్యూహౌస్ కుటుంబానికి, 1998లో జర్మనీకి చెందిన బెర్టెల్స్‌మన్‌కు చేరింది. ఈ బెర్టెల్స్‌మన్ 1835లో గ్యూటర్స్‌లో పట్టణంలో భక్తిగీతాల పుస్తకాలు అచ్చువేస్తూ మొదలైన సంస్థ!

రెండింటి కలయిక 2013 జూలై 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి ఈ-పుస్తకాలు పెరిగి, ధరల విషయంలో అమెజాన్‌తో బేరమాడగల బలం ప్రచురణకర్తలకు తగ్గుతూ ఉంది. పియర్సన్ దృష్టి కూడా విద్యారంగం వైపు మళ్లింది. మొదట బెర్టెల్స్‌మన్‌కు 53 శాతం, పియర్సన్‌కు 47 శాతం వాటా ఉండేవి. 2017లో బెర్టెల్స్‌మన్ వాటా 75 శాతానికి పెరిగింది, 2020లో మిగిలిన పావు వంతూ కొనడంతో సంస్థ పూర్తిగా దాని సొంతమైంది.

ప్రశ్న: ఇలా అన్నీ కలిసిపోతుంటే ప్రభుత్వాలు చూస్తూ ఊరుకుంటాయా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చాలాసార్లు ఊరుకున్నాయి, ఒకసారి మాత్రం గట్టిగా అడ్డుకున్నాయి. గళ్లనుడికట్టు పుస్తకంతో 1924లో మొదలైన సైమన్ అండ్ షుస్టర్‌ను సుమారు 217 కోట్ల డాలర్లకు కొంటామని పెంగ్విన్ రాండమ్ హౌస్ 2020లో ఒప్పందం చేసుకుంది. 2021లో అమెరికా న్యాయశాఖ కోర్టుకు వెళ్లింది. ఇటువంటి కేసుల్లో సాధారణంగా కొనుగోలుదారు చెల్లించే ధర పెరుగుతుందని వాదిస్తారు. ఇక్కడ మాత్రం రచయితలకు ముట్టే అడ్వాన్సు తగ్గుతుందనేదే ప్రధాన వాదన. రెండున్నర లక్షల డాలర్లు, అంతకు మించి అడ్వాన్సు పలికే పుస్తకాల్లో దాదాపు సగం ఈ ఉమ్మడి సంస్థకే దక్కుతాయని తేలింది. ఒకే రాతప్రతి కోసం పోటీపడే రెండు సంస్థలు ఒకటైతే వేలంపాటలో ఒక గొంతు తగ్గుతుంది కదా. 2022 అక్టోబరు 31న జడ్జి ఫ్లారెన్స్ పాన్ ఈ విలీనాన్ని నిలిపివేశారు. మరుసటి ఏడాది సైమన్ అండ్ షుస్టర్‌ను కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థ 162 కోట్ల డాలర్లకు తీసుకుంది. పోటీదారు చేతిలో పడలేదన్నంత వరకే అది ఊరట. కంపెనీలను కొని, కొన్నేళ్లకు లాభానికి అమ్మడమే అటువంటి సంస్థల పని కాబట్టి అది మరోసారి అమ్మకానికి రావచ్చునని నా అనుమానం.

ప్రశ్న: మన ప్రాంతానికి సంబంధించిన ఉదాహరణ ఏదైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: మీ ఊరితోనే సంబంధం ఉన్నది ఉంది. లండన్‌లో 1724లో మొదలైన లాంగ్‌మన్ సంస్థకు వారసురాలిగా మన దేశంలో 1948లో ఓరియంట్ లాంగ్‌మన్స్ ఏర్పడింది. కాలక్రమంలో అది భారతీయుల చేతికి వచ్చింది. వనపర్తి సంస్థానానికి చెందిన, మహబూబ్‌నగర్ నుంచి పలుమార్లు లోక్‌సభకు ఎన్నికైన జె. రామేశ్వరరావు దానికి సారథ్యం వహించారు. ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఇటు లండన్‌లోని లాంగ్‌మన్‌ను 1968లోనే పియర్సన్ కొన్నందున ఆ పేరు మీద హక్కు పియర్సన్‌ది. చివరకు 2008లో మన సంస్థ ఆ పేరు వదిలి ఓరియంట్ బ్లాక్‌స్వాన్ అయింది. పెంగ్విన్‌లో యజమానులు మారినా పేరు నిలిచింది; ఇక్కడ యాజమాన్యం నిలిచినా పేరు మారింది.

ప్రశ్న: నా కథల సంపుటిని ప్రచురించిన సంస్థ చేతులు మారింది. నా హక్కులు ఏమవుతాయి?
– ఒక రచయిత్రి, విశాఖపట్నం

జవాబు: కొత్తవారు కంపెనీ వాటాలు కొన్నారా, పుస్తకాల జాబితాను మాత్రమే కొన్నారా అన్నది ముందు తెలుసుకోండి. వాటాలు కొంటే చట్టం దృష్టిలో కంపెనీ అదే కనుక మీ ఒప్పందం, రాయల్టీ యథాతథంగా సాగుతాయి. జాబితాను మాత్రమే కొన్నట్లయితే, హక్కులను మరొకరికి బదిలీ చేసే అధికారం పాత సంస్థకు ఇచ్చారో లేదో మీ ఒప్పందపత్రంలో చూడాలి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షను మీకు ఉపయోగపడుతుంది. దాని ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. ఒప్పందంలో వేరుగా రాసుకోనట్లయితే, తీసుకున్న హక్కును ఏడాదిలోపు వినియోగించకపోతే ఆ హక్కు బదిలీ రద్దయినట్లే లెక్క.

సంస్థ మూతపడితే పరిస్థితి వేరు. టాటాల నుంచి అమెజాన్ కొన్న వెస్ట్‌లాండ్ 2022 ఫిబ్రవరిలో మూసివేత ప్రకటించినప్పుడు రచయితలు హక్కులు తిరిగి తీసుకోవలసి వచ్చింది. తర్వాత ఆ బృందమే ‘ప్రతిలిపి’ అనే ఆన్‌లైన్ కథల వేదిక అండతో మళ్లీ ప్రచురణలు మొదలుపెట్టింది. మీరు కూడా హక్కులు మీకు తిరిగి వచ్చాయని ఒక లేఖ రాయించుకోండి, అమ్ముడుకాని ప్రతుల లెక్క అడగండి. అచ్చుకు సిద్ధం చేసిన పేజీల కంప్యూటరు ఫైలు ఇప్పుడే అడిగి తీసుకుంటే పునర్ముద్రణకు మళ్లీ టైపు చేయించే ఖర్చు తప్పుతుంది.