మీ నాయిన పాట గురించి

బిడ్డా,

నువ్వు పంపిన పాట, దాంతో పాటు రాసిన ఉత్తరం రెండూ చదివాను. పాట కంటే ఉత్తరమే నన్ను ఎక్కువ కదిలించింది. నీ అసలు పాట ఆ ఉత్తరంలోనే ఉందని నా నమ్మకం.

పాటలో కరువు ఉంది, వలస ఉంది, పాలమూరు గోస ఉంది. ఏదీ అబద్ధం కాదు. కానీ ఈ మాటలు మన దగ్గర ఎన్ని సభల్లో, ఎన్ని గొంతుల్లో విన్నాం! జనం తలూపి ఊరుకుంటారు. ఉత్తరంలో మాత్రం ఒక చిన్న పిల్ల కనిపించింది. అమ్మానాయినలు కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి పోతే నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్ల. పీర్ల పండక్కి ఇంటికొచ్చిన నాయినను చూసి ‘మామా’ అని పిలిచింది. ఆయన దిద్దలేదు. బిస్కెట్ పుడా చేతిలో పెట్టి, బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఇది పాటలోకి ఎందుకు రాలేదు బిడ్డా? ఇది నీ ఒక్కదానికే తెలిసిన సంగతి. అయినా మక్తల్ నుంచి కోస్గి దాకా ఎంతమంది పిల్లలు ఇది తమ కథే అనుకుంటారో.

మీ బ్యాండ్ వాయించేది రాక్ కదా. ఆ సంగీతంలో ఇంటి బాధను పాడిన వాటిలో నేను మళ్లీ మళ్లీ వినేది ఇంగ్లండ్ గాయకుడు జాన్ లెనన్ 1970లో చేసిన ‘మదర్’ (అమ్మ) పాట. ఆయన తండ్రి ఓడల మీద పనికి పోయి ఇంటి పట్టున ఉండలేదు. పిల్లాడు పెద్దమ్మ దగ్గర పెరిగాడు. పెద్దయ్యాక తల్లికి మళ్లీ దగ్గరవుతుండగా, 1958లో ఆమెను కారు గుద్దింది, చనిపోయింది. ఇంత కథ ఉన్నా పాటలో ఓడ లేదు, కారు లేదు. మొదట చావుగంటలా మెల్లగా గంట మోగుతుంది. ఆ తర్వాత పియానో, బేస్, డ్రమ్స్, అంతే. పసిపిల్లలకు కూడా అర్థమయ్యే మాటలతో ముందు తల్లితో, తర్వాత తండ్రితో మాట్లాడతాడు. చివరికి అమ్మను పోవద్దనీ, నాన్నను ఇంటికి రమ్మనీ అంటూ అంటూ అరుపులోకి వెళ్లిపోతాడు. అప్పటిదాకా మాటలను అంత పొదుపుగా వాడాడు కాబట్టే ఆ అరుపు మనల్ని తాకుతుంది. నీ పాట మొదటి పాదం నుంచే అరుస్తోంది. ఇక పైకి పోవడానికి చోటెక్కడ?

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్‌కు పాటలు రాసిన రోజర్ వాటర్స్ కూడా అంతే. 1944లో ఇటలీ యుద్ధంలో తండ్రి పోయేనాటికి ఆయన నెలల పిల్లాడు. 1979లో వాళ్ల ‘ద వాల్’ ఆల్బమ్ కోసం రాసిన ఒక పాటలో తండ్రి గుర్తుగా మిగిలింది కుటుంబ ఆల్బమ్‌లోని ఫోటో. ఆ ఒక్క వస్తువుతో సరిపెట్టాడు. నీకు బిస్కెట్ పుడా ఉంది.

ఇప్పుడు గొంతు సంగతి. గిటార్ గట్టిగా మోగుతుంటే ఒత్తులన్నీ మునిగిపోతాయి. ‘విధ్వంసం’, ‘నిష్క్రమణ’ లాంటి మాటలు స్టేజి ముందు నిలబడ్డవాళ్లకు వినపడవు. స్వరాన్ని సాగదీసే చోట దీర్ఘం పడేలా చూసుకో. నీ పల్లవి చివర ‘బతుకు’ అని ఉంది. ఆ ‘కు’ దగ్గర నోరు మూసుకుపోతుంది. ‘నాయినా’ అని పాడి చూడు, గొంతు దానంతటదే తెరుచుకుంటుంది. ఇంట్లో పిలిచే పిలుపే ఉంచు, ‘నాన్నా’ అని మార్చకు. తెలంగాణ పాట అనిపించాలని మధ్యలో డప్పు ఇరికించొద్దు. డప్పు మీద నాకు ప్రాణం, అందుకే చెబుతున్నా.

కోపం ఉండాలి. కృష్ణ మన రాష్ట్రంలోకి అడుగుపెట్టేదే మీ నారాయణపేట జిల్లాలో. ఆ నది పక్కనుంచే మనుషులు బొంబాయి బస్సెక్కారు. దీన్ని ఒక్క పాదంలో చెప్పు, వివరించకు.

లెనన్ పాడేనాటికి తల్లి లేదు. మీ నాయిన ఉన్నాడు, రేపు ఈ పాట ఆయన చెవిన పడుతుంది. స్టేజి ఎక్కకముందే ఆయనకు వినిపించు. ఆ రోజు అరుగు మీద కూర్చుని ఏమనుకున్నాడో అడుగు. చెబితే మూడో చరణం ఆయనది. చెప్పకపోతే ఆ చోట గిటార్ ఒక్కటే వాయించండి, ఆయన తరఫున నువ్వు కల్పించి రాయకు. అమ్మ చేసిన అప్పు సంగతి మాత్రం తీసెయ్యి. నీకు నమ్మి చెప్పింది, ఊరికి చెప్పమని కాదు.

ముందు పల్లవి, ఆ ‘మామా’ చరణం రాసి ఫోన్‌లో రికార్డు చేసి పంపు. వాయిద్యాలు వద్దు, ఉత్త గొంతు చాలు. దసరాకు మీ నాయిన వస్తున్నాడన్నావు, ఆ లోపల ఈ రెండూ కుదరాలి.

నల్లగొండ నుంచి,
మీ సార్